తిట్టినా సైటేషనే

మా సార్‌ని "బాగున్నారా?" అని అడిగితే "ఆరువందల పన్నెండు" అనేవారు. ఆయన భౌతికశాస్త్రవేత్త, నేను ఆయన దగ్గర పరిశోధన చేసిన విద్యార్థిని. ప్రపంచంలో ఏ మూలనైనా ఎవరైనా తమ వ్యాసంలో ఈయన వ్యాసాన్ని పేర్కొంటే అది ఒక సైటేషన్. ఆ అంకె పెరగందే ఆయన పళ్లు తోముకునేవారు కాదు. అది కదలని రోజుల్లో మేం కాస్త దూరంగా నిలబడే మాట్లాడేవాళ్లం.

ఒకసారి డాక్టరు "బీపీ ఎంత ఉంటుంది?" అని అడిగాడు.

"ఆరువందల పదమూడు."

డాక్టరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. పక్కనే ఉన్న సార్ భార్య, మా మేడమ్, తల పట్టుకున్నారు.

"అది బీపీ కాదు డాక్టరుగారూ, జబ్బు."

ఆవిడ మాత్రం ఎంతకని ఓర్చుకుంటారు? "మన పెళ్లయి ఎన్నేళ్లయిందో చెప్పండి చూద్దాం" అంటే, "ఏ వ్యాసం తర్వాత చేసుకున్నాం?" అని ఎదురడిగిన మనిషాయన.

లోహపు ముక్కల్ని విపరీతంగా చల్లబరిచి, వాటిలో కరెంటు ఎలా పోతుందో కొలవడం మా పని. దానిమీద సార్, నేను కలిసి రాసిన వ్యాసానికి ఒక నెలలోనే నలభై మూడు సైటేషన్లు వచ్చాయి. సార్ ల్యాబంతా బిస్కెట్లు పంచారు. నేను మురిసిపోతూ ఆ వ్యాసాలు తెరిచి చూశాను. అందరిదీ ఒకటే మాట: వీళ్ల ఫలితం తప్పు.

నా లెక్కలు మళ్లీ తీసి చూశాను. మా దగ్గర ప్రతి థర్మామీటర్‌కీ దాని సవరణ పట్టిక దానికుంటుంది. కొత్త థర్మామీటర్ లెక్కలకి నేను పాతదాని పట్టిక వాడాను. వచ్చే సోమవారమే నాకు లెక్చరర్ ఇంటర్వ్యూ. స్కాలర్‌షిప్ అయిపోయింది, ఆ ఉద్యోగం తప్ప మరో దారి లేదు.

"సార్, అందరూ మనల్ని తిడుతున్నారు. తప్పు నాదే!"

"తిట్టడానికైనా పేరు రాయాలిగా? తిట్టినా సైటేషనే!" అంటూ ఇంకో బిస్కెట్ చేతిలో పెట్టారు. అక్కడితో ఆగితేనా! తెలిసినవాడికల్లా ఫోన్ చేసి "నా తప్పుకి నలభై మూడు!" అని చాటింపు వేశారు. సిగ్గులేని మనిషి అనుకున్నాను. అన్నాను కూడా, మేడమ్ దగ్గర.

ఇంటర్వ్యూ చేసే ముగ్గురిలో పెద్దాయన ఆ వ్యాసం బల్లమీద పెట్టగానే, అడక్కముందే చెప్పేశాను.

"తప్పు నాదండీ. కొత్త థర్మామీటర్‌కి పాతదాని పట్టిక నేనే వాడాను."

బల్లకి అవతల ముగ్గురూ పకపకా నవ్వారు.

"మీ సార్ ముందే ఫోన్ చేశారమ్మా. 'తప్పు నాది, ఆ పిల్ల తనదంటుంది, నమ్మొద్దు' అన్నారు. 'అలా అంటే మాత్రం ఉద్యోగం వెంటనే ఇచ్చెయ్యండి, తప్పు ఒప్పుకునేవాళ్లు మన రంగంలో దొరకరు' అని కూడా అన్నారు."

'నా తప్పు' అంటూ ఆ చాటింపంతా ఎందుకో నాకప్పుడు అర్థమైంది. కళ్లు చెమర్చాయి. ఉద్యోగం వచ్చింది. బయటికి రాగానే ఫోన్ చేశాను.

"నా తప్పు మీమీద ఎందుకు వేసుకున్నారు సార్?"

"నీ తప్పు నేనెందుకు వేసుకుంటాను? నీది పొరపాటు. సరిచూడకుండా సంతకం పెట్టానే, నాది బద్ధకం. నలభై మూడూ నా బద్ధకానికి వచ్చినవే. అందులో వాటా అడక్కుండా పోయి పాఠాలు చెప్పుకో!"