సర్కారు లగ్గంలో మేనమామ గంప

మా పెళ్ళి చేయడానికి పంతులుగారూ సిద్ధంగానే ఉన్నారు, పాస్టరుగారూ సిద్ధంగానే ఉన్నారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఎనభైల మొదట్లో అమ్మా నేనూ దబీర్‌పురా స్టేషన్ దగ్గర ఒక పాత ఇంట్లో రెండు గదుల్లో అద్దెకుండేవాళ్ళం. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. నేను కరెంటు ఆఫీసులో టైపిస్టును. మా ఆయన రైల్వేలో సిగ్నళ్ళు బాగుచేసే ఫిట్టరు. ఒకరోజు పొద్దున నేను రైలు కోసం నిలబడి ఉంటే, స్తంభం మీద పని చేసుకుంటున్న ఆయన చేతిలోంచి పానా జారి నా కాళ్ళ దగ్గర పడింది. దానికున్న నల్లటి గ్రీజు నా చీర కుచ్చిళ్ళకు అంటుకుంది. మర్నాడు ఆయన ఒక బట్టల సబ్బు తెచ్చి చేతికిచ్చాడు. మరక పోలేదని చెప్పాను. ఆ మర్నాడు ఇంకో రకం సబ్బు తెచ్చాడు. మా గల్లీ కిరాణా కొట్లో ఉన్న సబ్బులన్నీ అయిపోయేసరికి మరక అలాగే ఉంది కానీ మేమిద్దరం పెళ్ళి చేసుకోవాలని నిశ్చయించుకున్నాం.

ఆయన క్రైస్తవుడు. పేరుకు కాదు. ఆదివారం ఏ పని ఉన్నా చర్చికి వెళ్ళేవాడు, పాటల బృందంలో పాడేవాడు. నేనూ పేరుకు హిందువును కాదు. శనివారం ఒక్కపొద్దు ఉండేదాన్ని. ఆషాఢంలో బోనం నెత్తిన పెట్టుకోకపోతే నాకు ఆ ఏడాది గడిచినట్టుండేది కాదు.

పాస్టరుగారు మెత్తని మనిషి. బాప్టిజం తీసుకుంటే వచ్చే నెలలోనే పెళ్ళి చేస్తానన్నారు. బాప్టిజం తరవాత బోనం ఎత్తవచ్చా అని నేను అడిగాను. ఆయన ముఖం చిన్నబోయింది. దాని గురించి ప్రార్థన చేసుకోమ్మా అన్నారు. పంతులుగారూ మెత్తని మనిషే. అబ్బాయికి ఒక గోత్రం ఇచ్చి, పేరు మార్చి, అరగంటలో పని ముగిస్తానన్నారు. ఈసారి అడగడం మా ఆయన వంతు అయింది. గోత్రం తీసుకున్నాక ఆదివారం చర్చికి వెళ్ళవచ్చా అన్నాడు. పంతులుగారు చాలాసేపు ఆలోచించి, ఎవరికీ చెప్పకుండా వెళ్ళమని సలహా ఇచ్చారు.

బయటికి వచ్చి స్టేషన్ బెంచీ మీద కూర్చున్నాం. మా ఇద్దరిలో ఎవరో ఒకరు సర్దుకుంటే సరిపోతుంది కదా, నీళ్ళలో ఒకసారి మునిగితే నాకు పోయేదేముంది అన్నాను.

ఆయన నవ్వలేదు. "నా కోసం నువ్వు దేవునికే అబద్ధం చెప్తే, రేపు నాకు చెప్పవని నేనెట్ల నమ్మాలె?" అన్నాడు.

నాకు మొదట కోపం వచ్చింది. ఇంటికి చేరేలోపల ఆ మాట సబబుగానే తోచింది.

దారి చూపించింది మా ఇంటి యజమాని చాచా. ఆయన సివిల్ కోర్టులో జవానుగా పనిచేసి రిటైరయ్యాడు. వాకిట్లో నిలబడి వాదుల పేర్లు, ప్రతివాదుల పేర్లు పిలవడమే జీవితమంతా ఆయన చేసిన ఉద్యోగం. అందువల్ల ఆయన మామూలుగా మంచినీళ్ళు అడిగినా నాలుగిళ్ళవాళ్ళు బయటికి వచ్చి చూసేవారు.

"ఫికర్ మత్ కర్ బేటీ," అన్నాడు. "సర్కారు లగ్గం అని ఒకటున్నది. అండ్ల పంతులు లేడు, పాదిరి లేడు, ఖాజీ లేడు. నువ్వు నీ తీరుగనే ఉంటవ్, ఆయన ఆయన తీరుగనే ఉంటడు."

ఆ మాట గల్లీ అంతా వినబడింది. కాబట్టి అమ్మకు విడిగా చెప్పవలసిన పని లేకపోయింది. అమ్మ ఆ పూటంతా ఏడ్చింది. తెల్లారి లేచి, అబ్బాయి కారం ఎంత తింటాడని అడిగింది.

సర్కారు లగ్గానికి ఒక నియమం ఉంది. పెళ్ళి చేసుకోబోయేవాళ్ళ పేర్లు, వయసులు, చిరునామాలు రాసి రిజిస్ట్రారు ఆఫీసు బోర్డు మీద నెలరోజులు అంటిస్తారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఆలోగా చెప్పుకోవాలి. మా కాగితం బోర్డు ఎక్కగానే చూసి వస్తానని అమ్మ చాచాను వెంటబెట్టుకుని వెళ్ళింది. వచ్చేటప్పుడు ముఖం ఎర్రగా ఉంది. అసలు సంగతేమిటంటే, నాకు సంబంధాలు చూడడం మొదలుపెట్టినప్పటినుంచీ అమ్మ అందరికీ నాకు ఇరవై రెండని చెప్పుకొస్తోంది. ఏళ్ళు గడుస్తున్నా నేను ఇరవై రెండు దగ్గరే ఆగిపోయి ఉన్నాను. బోర్డు మీద ఇరవై ఆరని రాసి ఉంది.

"పెండ్లి సంగతి గోడ మీద రాస్తే రాసిన్రు. వయసెందుకు రాయాలె సారూ?" అని అమ్మ గుమాస్తాను నిలదీసిందట. చట్టం అడుగుతుందమ్మా అని అతను చెబితే, కనీసం కాగితం వెనకవైపు రాయరాదా అని బతిమాలిందట. కూతురు క్రైస్తవుణ్ణి చేసుకుంటున్నందుకు ఇరుగుపొరుగు ఏమంటారోనని నెలరోజులు భయపడ్డాం. వాళ్ళు ఆ సంగతి ఒక్కరోజు మాట్లాడుకుని వదిలేశారు. నా వయసు గురించి మాత్రం ఆ వేసవి అంతా మాట్లాడుకున్నారు.

భయపడవలసిన మనిషి ఇంకొకరు ఉన్నారు. అమ్మ తమ్ముడు, నా మేనమామ. సిటీ బస్సు కండక్టరు, చాంద్రాయణగుట్ట రూటు. నాన్న పోయాక నన్ను బడికి పంపింది, టైపు నేర్పించింది ఆయనే. ఎవరినైనా టికెట్ లేకుండా ఎక్కినవాణ్ణి చూసినట్టే చూసేవాడు. అందుకని మేము ఆయనకు చెప్పడం రేపు, ఎల్లుండి అని వాయిదా వేస్తూ వచ్చాం. చివరికి బోర్డు చదివిన ఒక ప్రయాణికుడు, చిల్లర తీసుకుంటూ, మీ మేనకోడలి పెళ్ళటగా అని అడిగాడు. మామ డ్యూటీ దిగి నేరుగా రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళాడు.

అక్కడ జరిగినదంతా మాకు చాచా చెప్పాడు. మా కాగితం బోర్డు మీద ఉందా లేదా అని చూసుకోవడానికి ఆయన తరచూ అక్కడికి వెళ్ళేవాడు.

తనకు అభ్యంతరం ఉందని మామ గుమాస్తాతో అన్నాడు. ఏమిటని అడిగితే పిల్లవాడు కిరస్తానీ అన్నాడు. గుమాస్తా చట్టం పుస్తకం తిరగేసి, అది అభ్యంతరాల్లో లేదన్నాడు. అబ్బాయికి ఇంతకుముందే భార్య ఉందా? లేదు. వయసు తక్కువా? కాదు. అమ్మాయికి దగ్గరి చుట్టమా? అంటే ఏమిటని మామ అడిగాడు. పెళ్ళాడకూడని వరసల పట్టీ ఇదీ అని గుమాస్తా చదవడం మొదలుపెట్టాడు. అన్నదమ్ములు, చిన్నాన్న, మేనమామ అనేసరికి మామ చెయ్యెత్తి ఆపాడు.

"మేనమామనా?"

మేనమామే అన్నాడు గుమాస్తా. కులంలో ఆచారం ఉంటే అది వేరే సంగతి కానీ పుస్తకంలో మాత్రం వద్దనే ఉందన్నాడు.

మామ బెంచీ మీద కూలబడ్డాడు. "అంటే నేను చేసుకుంటే సర్కారుకు అభ్యంతరం. గా కిరస్తానీ చేసుకుంటే లేదు. గిదేం కానూను భాయ్?"

మామకు అప్పటికే పెళ్ళయి ముగ్గురు పిల్లలు. నన్ను చేసుకోవాలన్న ఆలోచన ఆయనకు కలలో కూడా లేదు. అయినా ఆ అవమానం మింగుడుపడలేదు. ఇంకేం మిగిలిందని అడిగాడు. అభ్యంతరాల్లో మిగిలింది మతిస్థిమితం ఒక్కటే. "గదే రాసుకోండ్రి," అన్నాడు మామ. "పిల్లగానికి పిచ్చి."

అభ్యంతరం వచ్చింది కాబట్టి విచారణ జరపాలి. రిజిస్ట్రారు పెద్దవయసాయన, ఎండాకాలంలోనూ మెడకు మఫ్లరు చుట్టుకునేవాడు. ఆయన ఉద్యోగంలో ఇలాంటి విచారణ ఎన్నడూ రాలేదట. ఆ రోజు కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. మమ్మల్నందరినీ వరసగా కూర్చోబెట్టి, పిచ్చికి రుజువులేమిటో చెప్పమని మామను అడిగాడు.

మామ సిద్ధపడే వచ్చాడు. పిల్లవాడు సిగ్నల్ స్తంభం ఎక్కి పాటలు పాడతాడు, స్టేషన్ అంతా చూసింది. ఒక్క మరక కోసం కిరాణా కొట్టంత సబ్బు కొన్నాడు. సొంత ఇల్లున్న సంబంధం వస్తే వద్దని, అద్దె గదుల్లో ఉండే, ఇరవై ఆరేళ్ళ పిల్లను చేసుకుంటున్నాడు. ఈ చివరి మాటకు అమ్మ మామ వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది.

రిజిస్ట్రారు ఇవన్నీ రాసుకుని పెళ్ళికొడుకు వైపు తిరిగి, ఈ రోజు ఏ వారమని అడిగాడు. గురువారం అని ఆయన సరిగ్గానే చెప్పాడు. మన రాష్ట్ర ముఖ్యమంత్రి ఎవరని అడిగాడు. ఆయన తడబడ్డాడు. మామ ముందుకు వంగాడు.

"సార్, నిన్న పొద్దుగూకే దాంక ఎవలో నాకెరికే," అన్నాడు ఆయన. "ఇయ్యాల పేపరు చూడలే."

ముఖ్యమంత్రులు తొందర తొందరగా మారిపోతున్న రోజులవి. రిజిస్ట్రారు కలం ఆపి గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా జవాను వైపు చూశాడు. జవాను పేపరు కోసం బయటికి వెళ్ళాడు. ఈ ప్రశ్న తెలివిగల మనిషికీ కష్టమేనని రిజిస్ట్రారు ఒప్పుకుని దాన్ని కొట్టేశాడు.

తరవాత మామతో రిజిస్ట్రారు నెమ్మదిగా మాట్లాడాడు. ఊరికే అభ్యంతరం పెట్టినట్టు తేలితే ఖర్చుల కింద జరిమానా వేసే అధికారం చట్టం తనకిచ్చిందని చెప్పి, ఈ అబ్బాయి పిచ్చివాడని మీరు నిజంగా నమ్ముతున్నారా అని అడిగాడు. మామ జన్మంతా మందికి జరిమానాలు వేసిన మనిషి. కానీ తలవంచుకున్నది ఆ భయానికి కాదని నాకు తెలుసు.

"పిల్లగాడు మంచోడే సారూ. నేను అంత అడిగి అరుసుకున్న," అన్నాడు. "గని నా అక్క బిడ్డను గంపల కూసోబెట్టి నేను ఎత్తుకరావాలె. తండ్రి లేని పిల్ల. గా ఒక్క పని కోసం ఇన్నేండ్ల సంది సూస్తున్న. మీ లగ్గంల మేనమామ ఏడుండాలె?"

నాకు ఏడుపొచ్చింది. మామను అడగకుండా బోర్డుకెక్కిన మా తొందర మీద నాకే కోపమూ వచ్చింది. రిజిస్ట్రారు పుస్తకం మళ్ళీ తెరిచి, వేలు పెట్టి చదివాడు. పెళ్ళి ఏ పద్ధతిలోనైనా చేసుకోవచ్చు. అధికారి ముందు, ముగ్గురు సాక్షుల ముందు ఒకరినొకరు స్వీకరిస్తున్నామని నోటితో చెబితే చాలు. "గంపకు చట్టం అడ్డు చెప్పదండీ," అన్నాడు.

మామ అభ్యంతరం వెనక్కి తీసుకుని మార్కెట్టుకు వెళ్ళాడు.

ఆ నెల గడిచిన తరవాత వచ్చిన మంచిరోజున, పంతులుగారు దూరం నుంచే చెప్పిన ముహూర్తానికి, మామ నలుగురు కండక్టర్లను వెంటబెట్టుకుని వచ్చాడు. డ్యూటీ మధ్యలో వచ్చారు కాబట్టి అందరూ ఖాకీలోనే ఉన్నారు. కూరగాయల కోసం వాడే పెద్ద గంపకు పసుపు రాసి, లోపల మెత్త పరిచారు. పూర్వం గంపలో కూర్చోబెట్టేది చిన్నపిల్లల్ని. నేను నా వయసుకు తగ్గ బరువుండేదాన్ని. పైగా ఆ ఆఫీసు మేడ మీద ఉంది.

మెట్లు మలుపు తిరిగేచోట గంప ఒరిగింది. నేను ఒక చేత్తో కమ్మీని, ఇంకో చేత్తో ఒక కండక్టరు జుట్టును పట్టుకున్నాను. ఇళ్ళ రిజిస్ట్రేషన్ల కోసం వచ్చినవాళ్ళంతా గోడకు ఒత్తుకుని దారి ఇచ్చారు. తన ఇల్లు కొడుకు పేర రాయడానికి వచ్చిన ఒక ముసలాయన ఇదేదో కొత్త రూలనుకుని, గంప ఎక్కడ దొరుకుతుందని మామను అడిగాడు. పైనుంచి చాచా పాత అలవాటు కొద్దీ మా ఇద్దరి పేర్లూ, తండ్రుల పేర్లూ చెప్పి, హాజిరు కావలసిందిగా మూడుసార్లు పిలిచాడు. కింద రోడ్డు మీద రిక్షాలు ఆగాయట.

గుమ్మం దగ్గర గంప ఇరుక్కుంది. సగం లోపల, సగం వరండాలో. నేను దిగి నడిచి వస్తానన్నాను. మామ ఒప్పుకోలేదు. మండపం చేరకుండా పిల్ల కాలు నేల మీద పెట్టకూడదన్నాడు. వెనక్కి లాగితే గంప పగులుతుందని కండక్టర్లు అన్నారు. కాసేపు చూసి రిజిస్ట్రారే మఫ్లరు సర్దుకుని, పుస్తకం చంకన పెట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చాడు. నోటితో చెప్పాలని ఉంది గానీ నిలబడి చెప్పాలని ఎక్కడా లేదన్నాడు.

అలా గంపలోనే కూర్చుని నేను ఆయన్ని నా చట్టబద్ధమైన భర్తగా స్వీకరించాను. ఆయన వంగి, గంప అంచు మీంచి నన్ను భార్యగా స్వీకరించాడు. చాచా, అమ్మ, మా అత్తగారు సాక్షి సంతకాలు చేశారు. మామను కూడా సంతకం పెట్టమని రిజిస్ట్రారు మర్యాదకు అడిగాడు కానీ మామ రెండు చేతులూ గంప కిందే ఉన్నాయి.

పెళ్ళయ్యాక ఎవరి దేవుడి దగ్గరికి వాళ్ళం వెళ్ళాం. ఆదివారం నేను కూడా ఆయనతో చర్చికి వెళ్ళి వెనక బెంచీలో కూర్చునేదాన్ని. నా గొంతు బాగుందని పాటల బృందంవాళ్ళు పట్టుకుపోయారు. పాడేవాళ్ళు తక్కువగా ఉండడం వల్లనో ఏమో, పాస్టరుగారు బాప్టిజం మాట మళ్ళీ ఎత్తలేదు. శనివారం మా ఆయన నాతో గుడిదాకా వచ్చేవాడు. లోపలికి రాకుండా బయట నా చెప్పుల దగ్గర నిలబడేవాడు. కొన్నాళ్ళకు గుడికి వచ్చే మిగతా ఆడవాళ్ళూ తమ చెప్పులు ఆయనకే అప్పగించి వెళ్ళడం మొదలుపెట్టారు. నాకు దర్శనం ఎప్పుడో అయిపోయేది. ఆఖరి మనిషి వచ్చి చెప్పులు తొడుక్కునేదాకా ఇద్దరం అక్కడే నిలబడి ఉండేవాళ్ళం.