నా హుకుం విన్న నల్ల తెర

మొన్న మధ్యాహ్నం ఇంట్లో ఇంటర్నెట్ ఆగిపోయింది. మా మేనకోడలి కూతురు గోడకున్న డబ్బాను ఆపి, వెలిగించి, మళ్లీ ఆపి, చివరికి కంపెనీకి ఫోన్ చేసి అవతలి యంత్రం చెప్పిన అంకెలన్నీ ఓపికగా నొక్కుతూ కూర్చుంది. నేను ఆమె కంప్యూటర్ తీసుకుని, కమాండ్లు టైపు చేసే నల్ల కిటికీ తెరిచి, పింగ్ అని కొట్టి ముందు గోడ మీది డబ్బాను పిలిచాను, తర్వాత బయటి లోకాన్ని పిలిచాను. డబ్బా పలికింది, బయటి లోకం పలకలేదు. అంటే లోపం మా ఇంట్లో లేదు, వాళ్ల తీగలో ఉంది. "ఏంది తాతా, హ్యాకింగ్ చేస్తున్నవా?" అని ఆ పిల్ల నవ్వింది. నా ఈడువాళ్లెవరైనా పక్కన ఉంటే నవ్వేవారు కాదు. ఆ నల్ల తెర ముందు వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్న తరం మనది.

కమాండ్ అనే మాటకు మా ఇంట్లో హుకుం అనేవారు. పాతబస్తీ హుస్సేనీ ఆలంలోని మా దేవిడిలో, అంటే దొరల నాటి పెద్ద భవంతిలో, తాత నోట హుకుం వెలువడితే గుర్రపుశాల దాకా కదిలేదట. నాకు ఊహ తెలిసేనాటికి గుర్రాలూ లేవు, జాగీరు గ్రామాలూ లేవు, వంటవాళ్లూ లేరు. మాట మాత్రం మిగిలింది. మా నాన్న, బాపు అనేవాళ్లం, మంచినీళ్లు కావాలన్నా ఆ స్వరంతోనే అడిగేవాడు, తెచ్చేవాళ్లు లేక తానే లేచి తెచ్చుకునేవాడు. అది చూసి నవ్వినవాళ్లున్నారు. నేను ఏనాడూ నవ్వలేదు.

తొంభైల నడుమ చార్‌కమాన్ దగ్గర ఒక మేడ మీది కంప్యూటర్ శిక్షణలో చేరాను. డిర్ అంటే యంత్రం తనలో ఉన్నవన్నీ వరుసగా చూపేది, కాపీ అంటే నకలు తీసేది, డెల్ అంటే మారు మాట్లాడకుండా చెరిపేసేది. బతిమాలడం లేదు, దండాలు లేవు. మా వంశంలో చాలా కాలానికి ఒకడి మాట మళ్లీ చెల్లింది. అక్కడికి ఒకసారి బాపు అన్న, మా పెద్దబాపు, నన్ను చూడవచ్చి నా వెనక నిలబడ్డప్పుడే తెర మీద "బ్యాడ్ కమాండ్" అని పడింది. అర్థం అడిగి తెలుసుకుని, "చూసినవారా, నీ హుకుమే ఖరాబున్నదని మొఖం మీదనే అంటున్నది! మా నాయన ముంగట ఎవడన్న గిట్ల అన్నడా?" అని గది దద్దరిల్లేలా అన్నాడు. "హుకుం మంచిదే పెద్దబాపూ, స్పెల్లింగే ఖరాబు" అన్నాను. అక్షరం దిద్ది కొట్టగానే యంత్రం విన్నది. పెద్దబాపు మీసం మీద చేయి వేసుకుని మెట్లు దిగిపోయాడు.

తర్వాత బేగంబజార్‌లో స్టీలు గిన్నెల టోకు దుకాణంలో పనికి కుదిరాను. మన ఇంటివాడు అంగట్లో కొలువా అని పెద్దబాపు కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. దుకాణం యజమాని పెద్దసేట్ మాత్రం నన్ను దొరా అనే పిలిచేవాడు, ఆ పిలుపులో వెటకారం ఉండేది కాదు. దుకాణానికీ గోదాముకూ తీగ లాగి కంప్యూటర్లు కలిపినప్పుడు వాటికి పేర్లు పెట్టే పని నాకే అప్పగించాడు. ఒకటి దుకాణం, ఒకటి గోదాం. అన్నిటికీ ఆధారమైన పెద్ద యంత్రానికి దేవిడి అని పెట్టాను. అసలు దేవిడి అప్పటికి దాయాదుల చేతుల్లోంచి అమ్ముడుపోయి, కూలి, ఆ చోట దుకాణాల సముదాయం లేచింది. రోజూ ఉదయం నా మొదటి పని పింగ్ దేవిడి అని కొట్టడం. మా ఇంట్లో ఎంత దగ్గరివాళ్లయినా గుమ్మం బయట నిలబడి కేక వేసి, లోపలి నుంచి జవాబు వచ్చాకే అడుగు పెట్టేవారు. పింగ్ అంటే సరిగ్గా ఆ కేకే. దేవిడి పలికేది, నేను పని మొదలుపెట్టేవాణ్ణి.

కొన్నేళ్లకు పెత్తనం ఆయన కొడుకు చిన్నసేట్‌కు వచ్చింది. పుణెలో చదివి వచ్చినవాడు, కంప్యూటర్లు తెలిసినవాడే. ఒకనాడు హమాలీలూ గుమాస్తాలూ అందరూ ఉండగా, "గీ దేవిడి ఏంది దొరా? కూలగొట్టిన ఇంటి పేరు నా దుకాణంల ఎందుకు? మెయిన్ అని మార్చు" అన్నాడు. దొరా అన్న అదే మాట ఆయన నోట మరోలా వినిపించింది. జవాబుగా నేను పింగ్ కొట్టాను. "కూలినయి గోడలు సేట్, పిలిస్తే ఇంకా పలుకుతున్నది చూడు" అన్నాను.

"మారుస్తవా, మార్చవా?"

"నా చేత్తో మార్చను."

"అరే, నాకు రాదా ఏంది!" అని మౌస్ అందుకుని, అలవోకగా ఆ పేరు తీసేసి, యంత్రాన్ని ఆపి మళ్లీ లేపాడు. నేను నా చోటి నుంచి ఇంకోసారి పిలిచాను. ఆ పేరుగలవారెవరో తెలియదని తెర చెప్పింది. నా ముఖం చూసి చిన్నసేట్ కొంచెం మెత్తబడ్డాడు. "ఫికర్ చెయ్యకు దొరా, నౌకరీ నీదే. కూసో" అన్నాడు. కూర్చుంటే జీతం ఉండేది, ఇల్లు గడిచేది. నేను చెప్పులు తొడుక్కున్నాను. గద్దె మీది పెద్దసేట్ లేచి నిలబడి సలాం చేశాడు. ఆ సలాం ఒక్కటే తీసుకుని బజారులోకి దిగాను.

ఇంటికొచ్చి చెబితే పెద్దబాపు రేపటి నుంచి ఎట్లా అని అడగలేదు. "నిజంగనే పలికెనారా, దేవిడీ అని పిలిస్తే?" అన్నాడు. పలికేది అన్నాను. ఆయన తల ఊపి కళ్లజోడు తుడుచుకున్నాడు. అది జరిగాక చిన్నచిన్న ఆఫీసులు తిరిగి, పాఠాలు చెప్పి బతికాను. అప్పుడు పశ్చాత్తాపపడలేదు, ఇప్పుడూ లేదు.

ఇవాళ్టి యంత్రాలు మన హుకుం కోసం ఆగవు. అవే ముందుగా మాట్లాడి, అవే దారి చూపించి, చివర్లో ఒప్పుకుంటున్నాను అనే గడి ఒకటి ముందు పెడతాయి. అది నొక్కనిదే తలుపు తెరుచుకోదు. పిల్లలు చదవకుండానే నొక్కేస్తారు. నేను కళ్లజోడు పెట్టుకుని ఆ తెరంతా వెతుకుతాను, ఒప్పుకోను అనే గడి కోసం. మా కాలంలో కాదన్నందుకు నష్టపోయాం, నిజమే. కానీ కాదనడానికి చోటంటూ ఒకటి ఉండేది.