ఖాలా చేతి చీపురు

నిజాం రోజుల్లో నేను మేడ్చల్‌కు కొత్త కోడలిగా వచ్చాను. నేను ఊడ్చినప్పుడల్లా దుమ్ము లేచి, ఉబ్బసమున్న మా మామ దగ్గుతూ వీధిలోకి పోయేవారు. నాకు ఏడుపొచ్చేది.

పక్కింటి ముసలమ్మను అందరం ఖాలా, అంటే పిన్ని, అనేవాళ్లం. ఒకరోజు ఆమె నవ్వుతూ నా చీపురు లాక్కుంది.

"అరే బిడ్డా, దుమ్మును లేపుతున్నవ్, తీస్తలేవు! ముందుగాల వాసాలు దులుపు. తర్వాత గోడల గూళ్లు తడిగుడ్డతోని తుడువు. ఆఖర్ల నేల మీద నీళ్లు సల్లి, మెల్లగ ఊడువు."

చెబుతూనే గూటి అంచున వేలు రాసి, అంటిన దుమ్మును నా ముక్కుకు పూసింది. ఇద్దరం పడిపడి నవ్వాం.

ఆమె చెప్పినట్టే చేశాను. మూడోనాడు నేను ఊడుస్తుంటే మామ ఇంట్లోనే కూర్చున్నారు. "దగ్గు రాలే బిడ్డా. ఇగ బయటికెందుకు? చాయ్ ఈడికే పట్రా," అన్నారు.

గోడ అవతలి నుంచి ఖాలా అరిచింది: "నాక్కూడ!"