నాయన పరుపు ఏకిందెవరు?

దయ్యాల గురించి ఎవరైనా చెబితే లేచి పక్కకు పోయే రకం నేను. దర్గాకు పోతాను, ఫాతిహా చదివిస్తాను, కానీ పోయినవాళ్ళు వచ్చి మన పనులు చేసిపెడతారంటే నమ్మను. ఇప్పటికీ నమ్ముతున్నానని చెప్పలేను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మేము దూదేకులవాళ్ళం. మా నాయన హుసేనప్ప దూది ఏకే విల్లు భుజాన వేసుకొని కోయిలకుంట్ల చుట్టుపక్కల ఊళ్ళు తిరిగాడు. దూది ఏకి, పరుపులు కుట్టి నన్ను పెంచాడు. చివరి కుట్టు వేసే ముందు నాలుగు వేపాకులు లోపల పెట్టేవాడు. పురుగు పట్టదని ఆయన నమ్మకం. నేను మాత్రం కర్నూల్లో స్పాంజి పరుపుల దుకాణం పెట్టుకున్నాను.

పక్షవాతంతో ఎడమ పక్క పడిపోయాక నాయనను మా ఇంటికి తెచ్చుకున్నాను. తాను కుట్టుకున్న దూది పరుపు వెంట తెచ్చుకున్నాడు. స్పాంజి మీద పడుకోబెడితే ఒళ్ళు కాలిపోతుందని గోల చేసేవాడు. ఆయన విల్లుకు నరం తెగిపోయి ఉంటే, ఊర్లో ఇల్లు ఖాళీ చేసేటప్పుడు నేనే పొయ్యిలో పెట్టేశాను.

మొదట్లో బాగానే చూసుకున్నాం. పక్కకు తిప్పడం, తుడవడం, గుడ్డలు మార్చడం నేనూ నా భార్య రమీజా పంచుకున్నాం. నెలలు గడిచేకొద్దీ నాకు ఇంటికి పోవాలంటే కాళ్ళు వచ్చేవి కావు. దుకాణం మూశాక కూడా టీ బంకు దగ్గర ఊరికే నిలబడేవాడిని. గిరాకీ ఎక్కువుందని రమీజాకు అబద్ధం చెప్పేవాడిని. ఆమె మాత్రం ఎక్కడికి పోగలదు?

అప్పటికి పరుపులో దూది గడ్డలు కట్టింది. నాయన వీపు ఎర్రబడింది.

"ఒత్తుకుంటాండాదిరా. ఒకసారి ఏకించుకొని రాప్పా" అని రోజూ అడిగేవాడు.

దూది ఏకే మిషన్ ఎక్కడుందో నాకు తెలుసు. "రేపు నాయనా" అనేవాడిని. ఒక పొద్దున గుడ్డలు మారుస్తుంటే మళ్ళీ అడిగాడు. నాకు కోపంతో ఒళ్ళు తెలియలేదు.

"ఎప్పుడూ పరుపు గోలేనా? దాని మీదే సావు పో" అన్నాను.

నాయన గోడ వైపు తల తిప్పుకున్నాడు. ఆ తర్వాత పరుపు మాటే ఎత్తలేదు. నిజం చెప్పాలంటే, అడగడం మానేసినందుకు నాకు హాయిగా అనిపించింది.

కొన్నాళ్ళకు రమీజా వాళ్ళ అక్కను చూడటానికి నంద్యాల పోయింది. నాయనకు తినిపించి, బయట తాళం వేసి దుకాణానికి పోయాను. మధ్యాహ్నం తిరిగొస్తుంటే, పక్కింట్లో ఉండే ఆటో బాషా తన గడపలో కూర్చుని నవ్వాడు.

"ఏమప్పా, స్పాంజి సేటు ఇంట్లోకి దూదేకులోడు వచ్చిండాడే! పొద్దున్నుంచి టంగు టంగుమని ఒకటే మోత. మా యమ్మ పనంతా ఇడిసిపెట్టి ఇంటాండాది."

ఎవర్నీ పిలవలేదన్నాను.

"మా కాడ గూడా దాపరికమా!" అన్నాడు.

తాళం వేసింది వేసినట్టే ఉంది. లోపల నాయన వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నాడు. అంత గాఢంగా నిద్రపోవడం చూసి చాలా కాలమైంది. కింద పరుపు పొంగి ఉంది. చెయ్యి పెట్టి నొక్కి చూశాను. ఎక్కడా గడ్డ తగల్లేదు. నాయన కనుబొమ్మల మీద దూది నలుసులు. నా చిన్నప్పుడు పని నుంచి వచ్చేటప్పుడు ఆయన ముఖం అట్లాగే ఉండేది.

లేచాక అడిగాను, ఎవరొచ్చినారని.

"మెత్తగుండాదిరా" అన్నాడు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట.

ఆ రోజే ఆయన కాళ్ళు పట్టుకుని తప్పయిందని చెప్పాల్సింది. రేపు చెబుదామనుకున్నాను. వారం తిరక్కుండానే పోయాడు.

నలభై దినాల ఫాతిహా అయ్యాక పరుపును ఒక ఫకీరుకు ఇద్దామనుకున్నాం. పరుపు మీది గుడ్డ, గలీబు, ఉతకడానికి ఒక పక్క కుట్టు విప్పాను. మూలన నాలుగు వేపాకులు. వాడిపోలేదు, పచ్చగానే ఉన్నాయి. మా వీధిలో వేపచెట్టు లేదు. రమీజా తాను పెట్టలేదంది, నేనూ పెట్టలేదు. మిషన్ దగ్గర అడిగాను. మావాళ్ళలో పాత పనివాళ్ళను అడిగాను. మీ ఇంటికి ఎవరూ రాలేదన్నారు. అలసటతో నాకే మతి తప్పిందనుకుందామంటే, ఆ మోత బాషా విన్నాడు, వాళ్ళమ్మ వింది. నాకు అర్థం కాలేదు. ఇక అవుతుందన్న ఆశ కూడా లేదు.

మొన్న బాషా దుకాణానికి వచ్చాడు.

"ఆ దూదేకులోని నంబరుంటే ఈయప్పా. మా యమ్మ పరుపు గూడా గడ్డలు కట్టిండాది. శానా అవస్థ పడతాండాది."

నంబరు లేదు, నేనే ఏకించుకొని వస్తానన్నాను. ఆ పరుపును అతని ఆటోలోనే వేసుకొని మిషన్ దగ్గరికి పోయాను. దగ్గరుండి ఏకించి, కుట్టించి తెచ్చి ఆ పెద్దమ్మ మంచం మీద పరిచాను.

అంతా కలిపి అరపూట కూడా పట్టలేదు.