వంకర సాలు

నంద్యాలలో బస్టాండు దగ్గర ఒక డిజిటల్ స్టూడియోలో నేను పెళ్లి ఆల్బమ్‌లు తయారుచేస్తాను. ఫోటోలు తీసేది వేరేవాళ్లు. ఎండకు నల్లబడ్డ పెళ్లికొడుకులను తెల్లగా చేసేది, నిద్రలేని పెళ్లికూతుళ్ల కళ్ల కింద నలుపు తీసేసేది, అలిగి పందిట్లోకి రాని మేనమామను వేరే ఫోటోలోంచి తెచ్చి నిలబెట్టేది నేను. ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లన్నీ నా చేతిమీదుగా అందంగా అయిపోతున్నాయి. మా తమ్ముడికి మాత్రం కావడం లేదు.

వాడు సేద్యం చేస్తాడు. పెళ్లి కాకపోవడానికి అంతకుమించి కారణం లేదు. ఆళ్లగడ్డకు దగ్గర్లో మా పల్లె. నల్లరేగడి చేను, ఒక ఏడు శనగ, ఒక ఏడు జొన్న. అబ్బాయి ఎలాంటివాడని అడిగేవాళ్లు తక్కువ, హైదరాబాదులో ఉన్నాడా బెంగళూరులో ఉన్నాడా అని అడిగేవాళ్లు ఎక్కువ. ఊళ్లోనే ఉన్నాడంటే తర్వాత ఫోన్ చేస్తామంటారు. చేయరు. మర్యాదస్తులైతే జాతకాలు కలవలేదని చెప్తారు. మేము జాతకం ఇవ్వకముందే కలవలేదని చెప్పినవాళ్లు కూడా ఉన్నారు.

ఆ ఎండాకాలం ఒక ఆదివారం నేను ఇంటికి పోయినప్పుడు తమ్ముడు అన్నం తింటూ ఒక మాట అన్నాడు.

"ఈ నందికొట్కూరు సంబంధం ఒకటి సూడండి. ఇది గూడా కాకుంటే ఇంగ నా పెండ్లి మాట ఈ ఇంట్లో ఎత్తొద్దండి."

వాడు గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు. అన్నాడంటే అన్నట్టే. అమ్మ పోయినప్పటినుంచి ఆ ఇంట్లో ఉండేది నాయన, వాడు ఇద్దరే. రేపు నాయన కూడా లేకపోతే వాడు ఒక్కడే వండుకుని, ఒక్కడే తిని, తలుపు వేసుకుని పడుకుంటాడు. నా భయం అదే. నాయనకు నాకంటే భయం ఎక్కువ, కాబట్టి కోపం కూడా ఎక్కువ. కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

ఇప్పుడు మా పక్క పద్ధతి ఏమిటంటే, అబ్బాయి ఫోటోతో పాటు చేని ఫోటో కూడా వాట్సాప్‌లో పంపాలి. పిల్ల తండ్రి అబ్బాయి ఫోటోను ఒకసారి చూస్తాడు. చేని ఫోటోను మాత్రం రెండు వేళ్లతో సాగదీసి, మూలమూలలా చూస్తాడు. సంబంధం తెచ్చిన పెద్దాయన ఈ రెండూ అడిగాడు. తమ్ముడు గట్టుమీద నిలబడి, ఫోన్‌తో చేని ఫోటో తీసి నాకు, నాయనకు పంపాడు.

ఆ ఫోటోలో కింది సగం బూడిద రంగు, పై సగం తెలుపు. మధ్యలో ఒక కరెంటు స్తంభం. నల్లమల ఉండాల్సిన చోట ఏదో మరక. నా ఉద్యోగంలో చాలా చెత్త ఫోటోలు చూశాను, కానీ వాటిలో ఎవరో ఒక మనిషైనా ఉండేవాడు.

నాయన వెంటనే ఫోన్ చేశాడు.

"ఇదేందిమే, కాటి మాదిరి ఉండాది. రొంత పచ్చగ చెయ్యి."

"ఎండాకాలంలో పచ్చగ యాడుంటాది నాయనా?"

"పెండ్లికొడుకులను తెల్లగ చేస్తావు. చేను పచ్చగ చేయల్యావా?"

మా స్టూడియో కంప్యూటర్లో పచ్చదనానికి కరువు లేదు. జలపాతాలు, హంసలు, పూలతోటలు, ఏది కావాలంటే అది ఉంటుంది. మధ్యాహ్నం అన్నం తినే టైములో ఒక వరిమడి తెచ్చి మా చేనిమీద పరిచాను. నడుమ కాలువ పారించాను. నీలం ఆకాశం, మబ్బులు, ఒక తెల్ల కొంగ. స్తంభం తీసేశాను. నాయన ఒకసారి చూసుకుంటే ఊరుకుంటాడులే అని ఆయనకు పంపాను. ఆయన ఊరుకోలేదు. నేను అన్నం గిన్నె కడిగి వచ్చేలోపు దాన్ని పెళ్లిళ్ల పెద్దాయనకు పంపేశాడు, ఆ పెద్దాయన పిల్ల తరఫువాళ్లకు పంపేశాడు.

తమ్ముడు సాయంత్రం చూశాడు.

"నేను పండియ్యని పంట నా పేరున ఎట్ల పెడ్తివక్కా?" అన్నాడు. ఆ ఒక్క మాట అని ఫోన్ పెట్టేశాడు. వాడు తిట్టి ఉంటే నాకు అంత కష్టంగా ఉండేది కాదు.

తర్వాతి ఆదివారం నేను ఊళ్లో ఉన్నప్పుడే పెద్దాయన ఫోన్ వచ్చింది. నాయనకు చెవి కొంచెం మందం కాబట్టి ఇంట్లో అన్ని ఫోన్లూ స్పీకర్లోనే మాట్లాడతాం.

"అన్నా, వాళ్లు ఏ రకం వరి అని అడుగుతాండారు."

నాయన తడుముకోలేదు. "కర్నూలు సోనా" అన్నాడు.

"కాలవ బందయ్యి శానా దినాలయ్యె గదా, నీళ్లు యాడివి అని అడుగుతాండారు."

"బోరు."

"బోరయితే నడాన కాలవ పారుతాండాదే అంటాండారు."

నాయన నా వైపు చూశాడు. ఆ కాలువ పారించింది నేనే కాబట్టి నేను గోడ వైపు చూశాను. అసలు సంగతి ఏమిటంటే, కర్నూలు నుంచి కడపకు పోయే కె.సి. కాలువ ముందు నందికొట్కూరు పక్కన పారి, ఆ తర్వాతే మా వైపు వస్తుంది. ఆ ఎండాకాలం వాళ్ల ఊరి దగ్గర కాలువలో పిల్లలు క్రికెట్ ఆడుకుంటున్నారు. అలాంటి ఊరి మనిషికి మేము నిండుగా పారే కాలువను పంపించాం. పైగా మా చేనికి ఏ కాలంలోనూ కాలువ నీళ్లు ఎక్కవు.

"పిల్ల నాయన వద్దులే అనేసినాడన్నా" అన్నాడు పెద్దాయన. "ఆ పిల్లనే రొంత ఆగమనిందంట. ఉండేది ఉండేటట్ల ఒక ఫోటో పెట్టమను, సూసి చెప్తా అనిందంట. ఇంగ మిగిలింది ఇదొక్కటే."

ఆ అమ్మాయి డిగ్రీ చదివి వాళ్ల ఊళ్లో ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్తుంది. ఆమె గురించి మాకు తెలిసింది అంతే. ఉన్నది ఉన్నట్టు పంపాలి. ఉన్నదేమో కాటిలా ఉంది. వేరే ఫోటో తీయమందామంటే తమ్ముడు ఈ విషయంలో మళ్లీ ఫోన్ ముట్టనన్నాడు.

సోమవారం స్టూడియోలో ఆ పాత ఫోటోనే తెరిచాను. ఏమీ అతికించకూడదు, ఏమీ రంగు వేయకూడదు అనుకున్నాను. ముందు ఆకాశంలో వెలుగు తగ్గించాను. తెల్లగా ఉన్నచోట మబ్బు పొరలు కనబడ్డాయి. మబ్బు మూసిన రోజు తీసినట్టున్నాడు. ఫోటోలో మసకను తగ్గించే మీట ఒకటి ఉంటుంది. దాన్ని కొద్దికొద్దిగా జరిపాను. మరకనుకున్నది నల్లమల అయింది. ముందొక వరుస, దాని వెనక ఒక వరుస, ఆ వెనక ఇంకొకటి. చిన్నప్పుడు లెక్క పెట్టుకున్న కొండలే.

తర్వాత నేల దగ్గరికి వచ్చాను. నలుపుకు, తెలుపుకు తేడా పెంచాను. బూడిద రంగు ముద్దలోంచి గీతలు రావడం మొదలుపెట్టాయి. ఫోటో తీయడానికి ముందు వాన పడ్డట్టుంది. దుక్కిలో మిట్టలు ఆరిపోయాయి, సాళ్ల అడుగున మాత్రం ఇంకా తడి ఉంది. ఒక గీత ఆరింది, ఒక గీత తడిది, గట్టు దగ్గర్నుంచి కొండ దాకా అన్నీ తిన్నగా పోయాయి. నూనె రాసి దువ్విన తలలా ఉంది మా చేను.

నేను కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు చూశాను. వాడు ఇంత చక్కగా దున్నుతాడని నాకు తెలియదు. ఎవరో చెప్పినా పట్టించుకునేదాన్ని కాదేమో. పండగలకు, తద్దినాలకు ఆ చేని పక్కనే ఆటో దిగి ఇంటికి పోయేదాన్ని, ఒక్కసారీ తల తిప్పి చూడలేదు. గర్వంగా అనిపించింది. దాంతోపాటు కొంచెం సిగ్గుగా కూడా ఉంది.

అప్పుడు కనబడింది వంకర. చేనికి నడిమధ్య నాలుగైదు సాళ్లు తిన్నగా వచ్చి, ఒకచోట పక్కకు వంగి, చుట్టు తిరిగి, మళ్లీ తమ దారిలో పడ్డాయి. మధ్యలో చాపంత చోటు దున్నకుండా, పాత శనగ మోళ్లతో అలాగే ఉంది.

మొటిమలు తీసేసే పనిముట్టు ఒకటి మాకు ఉంటుంది. నేను అనుకోకుండానే చెయ్యి దాని మీదికి పోయింది. పక్క సాళ్లు తెచ్చి ఆ చాపంత చోటు కప్పేశాను. చేనంతా ఒక్క వంక లేకుండా తయారైంది. పంపబోతూ ఆగాను. పండించని పంట గురించి వాడు అన్న మాట గుర్తొచ్చింది. దున్నని చోటు కూడా అంతే కదా అనిపించి వాడికి ఫోన్ చేశాను.

"నడాన సాలు వంకర పోయినాదేందిరా?"

"అది తీసేసినావా?"

"తీసేసినా."

"తిరిగి పెట్టుక్కా. ఆడ తీతువు గుడ్లు పెట్టిండాది. ట్రాక్టరు దగ్గరికి పోతానే లేసి అరిసింది. సరేలే అని పక్కన పోనిచ్చినా."

వెనక నుంచి నాయన గొంతు వినబడింది. "తీతువా?"

తీతువు పిట్ట ఇంటిమీద అరుస్తూ పోతే చావు కబురు వస్తుందని మా పక్క నమ్మకం. మంచి మాట జరిగేటప్పుడు దాని పేరు కూడా ఎత్తరు. నాయన ఫోన్ లాక్కున్నాడు.

"పెండ్లి మాటల్లో తీతువేందిమే? వాళ్లకు చెప్పొద్దండి. రాయి ఉండాదని చెప్పండి."

"నల్లరేగట్లో అంత రాయి యాడుంటాది నాయనా?" అన్నాడు తమ్ముడు పక్కనుంచి.

"అయితే పుట్ట అని చెప్పండి."

వంకరను వెనక్కి తెచ్చి, స్తంభాన్ని కూడా దాని చోట ఉంచి, ఫోటో పంపేశాను. ఎవరూ దాని గురించి అడగరులే అనుకున్నాం.

ఆదివారం నేను ఇంట్లో ఉండగా పిల్ల తండ్రే స్వయంగా ఫోన్ చేశాడు. నాయన ఫోన్‌ను మంచం మీద పెట్టి, దాని ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. తమ్ముడు గుంజకు ఆనుకుని నిలబడ్డాడు.

"చేను బాగుండాదప్పా" అన్నాడు ఆయన. "కూలికి దున్నిచ్చినారా, పిల్లోడే దున్నినాడా?"

"మావోడే దున్నినాడు" అన్నాడు నాయన. ఆ మాట అనడానికి ఆయన నిటారుగా కూర్చున్నాడు.

"నడాన ఆ వంకర ఏంది?"

"పుట్ట" అన్నాడు నాయన.

"తీతువు గుడ్లు" అన్నాడు తమ్ముడు.

రెండూ ఒకేసారి వినబడ్డాయి. నాయన కళ్లు మూసుకున్నాడు. నేను ఫోన్ వైపే చూస్తున్నాను, అది కట్ అయిందేమోనని. కాలేదు. కాసేపటికి ఒక ఆడపిల్ల గొంతు వినబడింది.

"పిల్లలైనాయా?"

తమ్ముడు గుంజ వదిలి మంచం దగ్గరికి వచ్చాడు. "ఇంగా ల్యా. పొద్దన గూడా సూసొచ్చినా."

"అయినంక ఫోటో పెట్టండి. దాన్నేమీ చేయొద్దని మీ అక్కకు చెప్పండి."

నా ఉద్యోగం సంగతి పెద్దాయన వాళ్లకు చెప్పే ఉంటాడు, కానీ నా పని గురించి ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. నాకు కోపం రాలేదు. నాకు కోపం రాలేదంటే ఆ పిల్ల నాకు నచ్చిందన్నమాట.

ఆ తర్వాత కొన్నాళ్లు మా ఇంట్లో పెళ్లి మాట ఎవరూ ఎత్తలేదు. నాయన రోజూ నాకు ఫోన్ చేసి, అది ఇంకా పొదుగుతూనే ఉందని చెప్పేవాడు. దాని పేరు పలకకుండా 'అది' అనేవాడు. చేనిలో ఎలకలు ఎక్కువయ్యాయని, కుక్కలు తిరుగుతున్నాయని కంప్లయింటు చేసేవాడు. గట్టుమీద కూర్చుని కుక్కలను తోలడం ఎప్పుడు మొదలుపెట్టాడో నాకు చెప్పలేదు, తమ్ముడు చెప్పాడు.

నేను ఊళ్లో ఉన్న ఒక పొద్దున తమ్ముడు చేనినుంచి వచ్చి ఫోన్ చూపించాడు.

"మూడైనాయి" అన్నాడు.

ఫోటోలో మట్టి ఉంది. మట్టి మీద ఇంకొంచెం మట్టి ఉంది. దగ్గరికి పోతే పిల్లలు బెదురుతాయని దూరంగా తీశాడు. నాయన ఫోన్‌ను దగ్గరగా, దూరంగా పెట్టి చూసి, "ఉత్త మన్నే గదా" అన్నాడు. రోజంతా ఫోటోలు చూసే నా కళ్లకు కూడా ఒక్కటే దొరికింది. మిగతా రెండింటిని వాడే వేలు పెట్టి చూపించాడు. ఈ ఫోటోలో కొంచెం వెలుగు పెంచితే బాగుంటుందని నోటిదాకా వచ్చింది. మింగేశాను. వాడు దాన్ని అలాగే ఆ అమ్మాయికి పంపాడు.

టిఫిను తినడం అయిపోయేలోపు జవాబు వచ్చింది. మాట ఏమీ రాయలేదు. మా ఫోటోనే, దానిమీద వేలితో గీసిన ఎర్ర సున్నాలు. వాడు చెప్పిన మూడు పిల్లల చుట్టూ మూడు. శనగ మోడు పక్కన, మేమెవరమూ చూడని చోట, ఇంకొకటి.

తమ్ముడు ఆ నాలుగో సున్నా వైపు చూస్తూ నిలబడ్డాడు. "మూడే అనుకుంటినే" అన్నాడు. ఇంతకాలంగా మేము ఎంత వెతికినా దొరకని సంతోషం వాడి ముఖంలో ఉంది. ఆ నాలుగోదాన్ని చూసి రావడానికి బండి తీసుకుని పోయాడు.

నాకు ఏడుపు వచ్చింది. వీడు ఇంక ఒక్కడే ఉండడు అనుకున్నాను.

"ఏందిమే, యాల ఏడుస్తాండావు?" అన్నాడు నాయన.

తమ్ముడు మంచం మీద వదిలిపోయిన ఫోన్ ఆయన చేతికిచ్చాను. ఆయన నాలుగు సున్నాలనూ ఒక్కొక్కటే రెండు వేళ్లతో సాగదీసి చూసుకున్నాడు. తర్వాత ముహూర్తాలు పెట్టే అయ్యవారికి ఫోన్ కలపమన్నాడు.