చౌడక్క కొట్టిన కిటికీ

ధర్మవరంలో మా సందుకొచ్చి చౌడక్క కిటికీ ఏదని అడిగితే పసిపిల్లలు కూడా చూపిస్తారు. దానికి తలుపు లేదు. చుట్టూ సిమెంటు కూడా సరిగ్గా అంటలేదు. ఇనుప చువ్వలు, ఒక దోమల జాలి, అంతే. అందంగా ఉండదు. కొట్టినావిడ అందం చూసుకుని కొట్టలేదు మరి. దాని వెనక ఎంత నెత్తురు కారిందో పక్కింట్లో కాపురముండే నాకు తెలుసు. నా పేరు రత్నమ్మ. మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య ఉన్నది ఒకటే గోడ. అవతల ఎవరు తుమ్మినా ఇవతల నాకు వినిపించేది.

చౌడక్కది రొద్దం పక్కన ఒక పల్లె. వేరుశనగ చేలల్లో ఎగిరి దూకి పెరిగిన మనిషి. తొంభై ఒకటిలో అంజనప్ప పెళ్ళాంగా మా సందులోకి వచ్చినప్పుడు ఆమెకు మగ్గం అంటే ఏమిటో తెలియదు. అంజనప్ప వాళ్ళు కూడా పుట్టు నేతగాళ్ళు కారు. వాళ్ళ నాయన కరువుకు తట్టుకోలేక నల్లమాడ వైపు నుంచి వచ్చి పట్టుచీరలు నేయడం నేర్చుకున్నాడు. కొత్తగా నేర్చినవాళ్ళకు పట్టింపులు ఎక్కువ. అంజనప్ప తల్లి కుళ్ళాయమ్మకు అందరికంటే ఎక్కువ.

వాళ్ళది గుంత మగ్గం. నేలలో తవ్విన గుంతలోకి కాళ్ళు దించి కూర్చుని నేయాలి. పట్టుపోగుకు ఎండిన గాలి తగిలితే పుటుక్కున తెగుతుంది. అందుకని మగ్గం గదికి ఉన్న ఒక్క కిటికీని అంజనప్ప నాయన రాళ్ళు పేర్చి, మట్టి మెత్తి మూసేశాడు. ఎండాకాలంలో తడి గోనెపట్టాలు వేలాడదీసి నేలంతా నీళ్ళు చల్లేవాళ్ళు. వానాకాలం వస్తే చల్లే పని లేదు, గుంతలోకి నీళ్ళు వాటంతట అవే ఊరేవి. ఏడాది పొడుగునా ఆ గది తడే. అందులోనే నేత, అందులోనే పడక.

వెనక గోడకు బూజు పట్టింది. మొదట బూడిద చల్లినట్టు తెల్లగా, తర్వాత నల్లటి మచ్చలు, ఆ తర్వాత చేత్తో తాకితే మెత్తగా అంటుకునేది. చౌడక్క చీపురుతో గీకి పారేసేది. వారం తిరిగేలోపు మళ్ళీ వచ్చేది. పెట్టెలో మడిచి పెట్టిన పెళ్ళిచీర కూడా కంపు కొట్టేది. మాకు మగ్గం లేదు, చీరలు మడతపెట్టే పని. నేను ఒకసారి లోపలికి పోయి ముక్కు మూసుకుంటే కుళ్ళాయమ్మకు కోపం వచ్చింది.

"మగ్గం ఇల్లంటే ఇట్లే ఉంటాది. మీ మాదిరి చీరలు మడతపెట్టుకుని కూర్చునే ఇల్లు కాదు ఇది" అంది.

అంజనప్ప మంచి నేతగాడు, దాంట్లో అబద్ధం లేదు. కానీ పోగు తెగితే అతనికి పెళ్ళాం కనిపించేది. వాకిలి ఓరగా తెరిచి ఉన్నా ఆమెదే తప్పు, ఆమె గట్టిగా నడిచినా ఆమెదే తప్పు. గుంతలోంచి లేచి వచ్చి వీపు మీద బాదేవాడు. ఆ చప్పుడుకు నా ఒళ్ళు మండి గోడకు చెంబు వేసి కొట్టేదాన్ని. కాసేపు ఆగేది. మర్నాడు మళ్ళీ మొదలు. చౌడక్క ఏడ్చేది కాదు. దెబ్బలు తిని, లేచి, తెగిన పోగు ముడి వేసి పోయేది.

వాళ్ళకు ఒక్కతే కూతురు, పవిత్ర. దాని చాప ఆ బూజు గోడ పక్కనే. ఏడెనిమిదేళ్ళు వచ్చేసరికి దాని ఎదలో పిల్లికూతలు మొదలైనాయి. ఊపిరి పీల్చలేక భుజాలు ఎగరేసేది. గోడకు ఇవతల పడుకున్న నాకు ఆ కూతలు వింటుంటే నిద్ర పట్టేది కాదు. చౌడక్క దాన్ని హిందూపురంలో వాళ్ళ పెద్దమ్మ ఇంటికి తీసుకుపోయి కొన్నాళ్ళు ఉంచింది. తిరిగొచ్చిన రోజు నేరుగా నా దగ్గరకే వచ్చింది.

"ఆడ ఉన్నన్ని దినాలు దగ్గే లేదక్కా. మిద్దె మీద పండుకునింది, పిల్లోళ్ళతో గెంతింది. ఈడికొచ్చి చాప పరిస్తే మళ్ళా మొదలు. ఆడ డాక్టరు కూడా అదే చెప్పినాడు. ఆ గోడ పక్కన పండుకోబెట్టొద్దు, పాపకు గాలి కావాల అన్నాడు."

ఇదే మాట అత్తకూ మొగుడికీ చెప్పింది. పాపకు గాలి కావాలంట, ఆ కిటికీ తీయండి అంది. చెప్పకుండా ఉన్నా బాగుండేదేమో.

మా వైపు గాలి పట్టిందంటే దయ్యం పట్టిందని అర్థం. ఊపిరాడక గింజుకుంటూ కళ్ళు తేలేసే పిల్లను చూసి కుళ్ళాయమ్మ ఎప్పుడో ఆ మాట అనేసుకుంది. ఇప్పుడు కోడలు వచ్చి గాలి కావాలంటే నెత్తి కొట్టుకుంది.

"గాలి పట్టిన బిడ్డకు ఇంకా గాలి కావాలంటాండావే. ఆ డాక్టరుకు పిచ్చా, నీకు పిచ్చా? దాని ఒంట్లో ఉండేది బయటికి పోవాల గానీ, బయట ఉండేది లోపలికి రావాల్నా?"

అంజనప్ప తల్లి మాటకు తలూపాడు. కిటికీ తీస్తే మగ్గం మీద నిలువుగా పరిచిన పోగులు, పడుగంతా తెగుతుందన్న భయం అతనికి ఉండనే ఉంది. తల్లి చెప్పే దయ్యం ఆ భయానికి చక్కగా తోడైంది. మర్నాడు చౌడక్క మళ్ళీ ఆ మాట ఎత్తితే జుట్టు పట్టుకుని అదే గోడకు తల వేసి కొట్టాడు. ఆమె నుదుటి మీద నెత్తురూ నల్లటి బూజూ కలిసి అంటుకున్నాయి. నేను తడిగుడ్డతో తుడిచాను.

రెండువేల ఒకటి వానాకాలం. ముసురు పట్టి వదలలేదు. వాళ్ళ గుంతలో పిక్కల దాకా నీళ్ళు. పిల్ల కూర్చునే నిద్రపోయేది, పడుకుంటే ఊపిరాడేది కాదు. అప్పుడు కుళ్ళాయమ్మ కోడలిని పిలిచి, పెనుకొండలో ఆడబిడ్డకు కాన్పు దగ్గరపడింది, పోయి చూసి రమ్మంది. పాపను తను చూసుకుంటానని కూడా అంది. ఆ అత్తకు అంత ప్రేమ ఎక్కడ నుంచి వచ్చిందా అనుకున్నాను. చౌడక్క బస్టాండుకు పోయింది. వాగులూ వంకలూ పొంగి పెనుకొండ బస్సులు తిరగలేదు. తడిసి ముద్దయి మధ్యాహ్నానికి వెనక్కి వచ్చింది. ఆ బస్సు కదిలి ఉంటే ఈరోజు నేను ఈ కథ చెప్పేదాన్ని కాదు.

వాకిలి లోపలి నుంచి గడియ వేసి ఉంది. ఆమె బాదే చప్పుడుకు నేనూ బయటికొచ్చాను. వాకిలి చెక్కల సందుల్లోంచి పొగ. ఎండుమిరపకాయల పొగ అని ముక్కుకు తగలగానే తెలిసింది. అది అమావాస్య రోజు. అంజనప్ప ఎక్కడి నుంచో ఒక మంత్రగాడిని పిలుచుకొచ్చాడు. గాలిలేని గదిలో, ఊపిరాడని పిల్ల ముందు మిరపకాయలు కాలుస్తున్నారు.

లోపల వేపమండల దెబ్బలు వినిపిస్తున్నాయి.

"ఎవరు నువ్వు? యాడి నుంచి వచ్చినావు? చెప్పు" అంటున్నాడు మంత్రగాడు.

"నేను పవిత్రను సామీ" అంది పిల్ల.

మళ్ళీ దెబ్బ. మళ్ళీ అదే ప్రశ్న.

"పవిత్రను."

మూడోసారి అడిగినప్పుడు జవాబు రాలేదు. దగ్గు కూడా వినిపించలేదు.

వాకిలి బాదుతూ ఉన్న చౌడక్క ఆగిపోయింది. నా వైపు తిరిగింది. నాకు ఆ ముఖం ఇప్పటికీ గుర్తొస్తుంది. "అక్కా, గడ్డపార" అంది. మా ఆయన గుడిసె గుంజలు పాతడానికి తెచ్చిన గడ్డపార మూల ఉంటే ఎందుకని అడగకుండా చేతికిచ్చాను. ఇంకోసారి అడిగినా ఇస్తాను.

వాకిలి టేకుది, ఎంత కొట్టినా విరగదు. ఆమె సందు వైపు తిరిగి ఆ మూసిన కిటికీ దగ్గరకు పోయింది. వానకు నాని మట్టి మెత్తబడి ఉంది. మొదటి పోటుకు పెళ్ళలు రాలాయి, రెండోదానికి ఒక రాయి కదిలింది. గోడకు లోపలివైపు ఎదురుగా మగ్గం. రాళ్ళు పోయి పడుగు మీదే పడ్డాయి. నెలలకు సరిపడా వేసిన పట్టుపోగులు తెగుతూ వీణ తీగలు తెగినట్టు చప్పుడు చేశాయి. ఆ చప్పుడు వినగానే అంజనప్ప వాకిలి తీసుకుని బయటికి ఉరికాడు. కూతురి కోసం తీయని గడియ పడుగు కోసం తీశాడు. అందుకే అతన్ని తలుచుకుంటే నాకు ఈరోజుకీ జాలి రాదు.

చేతిలో మగ్గం కర్ర ఉంది. దాంతో చౌడక్క కుడి మణికట్టు మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు సందంతా విన్నది. గడ్డపార ఆ చేతిలోంచి జారింది. ఆమె ఎడం చేత్తో అందుకుంది. అతను ఇంకో దెబ్బకు కర్ర ఎత్తాడు. ఆమె గడ్డపారను ఎత్తి అతని పాదం మీద దించింది. మగ్గం తొక్కే పాదం. అంజనప్ప బురదలో పడి అరిచాడు. చౌడక్క అతని వైపు చూడనైనా చూడలేదు. ఎడం చేత్తోనే మళ్ళీ గోడ పొడవడం మొదలుపెట్టింది.

పొగ ఆ బెజ్జంలోంచి గుప్పుమని బయటికొచ్చింది. మంత్రగాడు చెప్పులు కూడా వేసుకోకుండా వాకిట్లోంచి పరుగు తీశాడు. నేను లోపలికి దూరితే కుళ్ళాయమ్మ కళ్ళు మండి మూలన కూర్చుని దగ్గుతోంది. పిల్లను ఎత్తుకుని ఆ బెజ్జంలోంచే తల్లికి అందించాను. పెదాలు నల్లబడి ఉన్నాయి. చౌడక్క దాన్ని వానలో ఒళ్ళో వేసుకుని, విరిగిన చెయ్యి వేలాడుతుండగా, ముఖం మీద ఊదింది. మా సందులో వాళ్ళందరూ నిలబడి చూశారు. కాసేపటికి పిల్ల ఎద గరగరమంటూ కదిలింది, పెద్దగా ఏడ్చింది. నేను కూడా అక్కడే కూలబడి ఏడ్చాను.

పోలీసులకు ఎవరూ చెప్పలేదు. చౌడక్క చెయ్యి వంకరగా అతుక్కుంది. అంజనప్పకు రెండు కాలివేళ్ళు పోయాయి. మేస్త్రీ వచ్చి, చువ్వలు పెట్టి, తలుపు ఎంత కొలత చేయించాలని అడిగాడు.

"తలుపొద్దు" అంది చౌడక్క. "తలుపుంటే ఎవరో ఒకరు మూస్తారు."

"పడుగు తెగుతాదే" అన్నాడు అంజనప్ప, మంచం మీద నుంచే.

"తెగితే ముడేస్తా. ఊపిరి తెగితే యాడ ముడేస్తావు?"

ఆ తర్వాత అతను ఆమె మీద చెయ్యెత్తలేదు. భయమో సిగ్గో నాకు తెలియదు, అడగబుద్ధి కూడా కాలేదు. చౌడక్క బూజు పట్టిన గోడ పూత అంతా గీకించి, బాగా ఎండనిచ్చి, సున్నం కొట్టించింది. మగ్గాన్ని కిటికీకి దూరంగా అవతలి గోడకు మార్పించింది. చూరు నీళ్ళు గోడకు తగలకుండా బయట కాలువ తీసింది. తడి గోనెపట్టాలు నేసేంతసేపే, నేత ఆగితే వాటిని బయట ఎండలో వేసేది. పిల్లకు చాప తీసేసి మంచం వేసింది. వంకర చేత్తో ఆమె ఏటేటా సున్నం కొట్టుకుంటుంటే చూసి మా సందులో మగ్గాలవాళ్ళూ ఒక్కొక్కరే కిటికీలు తెరిచారు. పోగులు తెగాయి, లేదనను. ఎవరి కొంపా మునగలేదు.

పవిత్ర పెరిగింది. బడిలో పరుగుపందెంలో పాల్గొన్నదని విని నేను బొరుగులు పంచాను. కానీ అంజనప్ప చిన్నప్పటి నుంచి ఆ గుంతలో, ఆ తడిలో కూర్చున్నవాడు. కిటికీ కూతురికి సమయానికి వచ్చింది, అతనికి ఆలస్యమైంది. రెండువేల ఎనిమిది నాటికి నాలుగడుగులు వేస్తే రొప్పేవాడు. డాక్టర్లు ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయన్నారు. చౌడక్క అతని మంచాన్ని ఆ కిటికీ కిందకే జరిపింది. నేనైతే జరిపేదాన్ని కాదు.

ఒకరోజు పొద్దున నేను గంజి తీసుకుని పోయాను. బయట గాలి బాగా వీస్తోంది, కిటికీ జాలి కదులుతోంది. అంజనప్ప గోడకు ఆనుకుని కూర్చుని భుజాలు ఎగరేస్తున్నాడు, ఒకప్పుడు ఆ పిల్ల ఎగరేసినట్టే. ఎదలో అవే పిల్లికూతలు. కళ్ళు మూసుకుని, మాటకూ మాటకూ మధ్య ఊపిరి వెతుక్కుంటూ అన్నాడు.

"కిటికీ... ఏంటికి మూసినారే... గాలి రానీండి."

నేనూ చౌడక్కా ముఖముఖాలు చూసుకున్నాం. ఆమె అతని పక్కన కూర్చుని, వంకర చేత్తో చెమట తుడిచింది.

"దానికి తలుపే లేదు కదప్పా" అంది.

అతను కళ్ళు తెరిచి కిటికీ వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ తర్వాత ఇంక అడగలేదు. చౌడక్క విసనకర్ర తీసుకుంది. విరిగిన చెయ్యి త్వరగా నొప్పెడుతుంది కాబట్టి, మధ్యమధ్యలో ఎడం చేతికి మార్చుకుంటూ సాయంత్రం అతను పోయేదాకా విసురుతూనే ఉంది.