బేస్ గిటార్‌కు ఆయుధపూజ

ఆ రోజుల్లో కరెంటు గురించి నాకు తెలియనిదేదీ లేదని నా గట్టి నమ్మకం. పాశమైలారంలోని ఒక మందుల ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ ట్రైనీగా అప్పుడప్పుడే చేరాను. మెడలో ఐడీ కార్డు, జేబులో స్క్రూడ్రైవర్ పడగానే ఆ వయసులో ఎవరికైనా అలాంటి నమ్మకం వచ్చేస్తుంది. చిట్కుల్‌లో నా కిరాయి గదిలో మా ప్లాంటు ఎలక్ట్రీషియన్ ఒకాయన కూడా ఉండేవాడు. జేబులో టెస్టర్ లేకుండా పెళ్లి విందుకు కూడా వెళ్లడు కాబట్టి ఆయన్ని అందరూ టెస్టరన్న అనేవాళ్లు. గదిలో మూడో మనిషి నా సెకండ్ హ్యాండ్ బేస్ గిటార్. (దానికి నాలుగే తీగలుండటం చూసి ఇంటి ఓనరమ్మ తెగ జాలిపడేది. "కడమ తీగలు తెగినయా బిడ్డా? కొత్తయి ఏపిచ్చుకోరాదు" అనేది. బేస్‌కు నాలుగే ఉంటాయని చెబితే, పరువు కోసం అంటున్నాననుకునేది.)

మా ఫ్యాక్టరీలో ఆయుధపూజ ఘనంగా చేస్తారు. మోటార్లు, పంపులు అన్నీ విప్పి తుడిచి, బొట్లు పెట్టి, భోజనాలయ్యాక షెడ్డులో చిన్న పాటల కార్యక్రమం పెడతారు. ఆ ఏడు క్యాంటీన్ పెద్దమ్మ పాడాలి, నేను వెనక బేస్ వాయించాలి. పెద్దమ్మ సాంబారు కలుపుతూ తనలో తాను నాట్ల పాటలు పాడుకునేది. చాలా సన్నని గొంతు. వినాలంటే గరిటె చప్పుడు ఆగేదాకా ఆగాలి. అంతకుముందు దసరాకు ఆమె మైకు పట్టుకుంటే వెనక ఎవరో డీజే పెట్టేశారట. పెదవులు కదలడం తప్ప ఏమీ వినపడక జనం నవ్వారట. ఆ నవ్వు ఆమెకు ఏడాదంతా గుచ్చుకుంటూనే ఉంది. పైగా పండగ తర్వాత క్యాంటీన్ వేరే కాంట్రాక్టర్ చేతికి పోతోంది, ఆయన తన మనుషులను తెచ్చుకుంటాడు. "గీ దసరా దాటితే ఇగ నేనెవ్వరో, మీరెవ్వరో బిడ్డా. ఒక్కపారి నా పాట అందరికి ఇనవడాలె. జెర మంచిగ వాయించు" అని నా పళ్లెంలో ఇంకో వడ వేసింది. ఆ వడ తిన్నాక నా బాధ్యత చాలా పెరిగిపోయింది.

ఆ బాధ్యతే కొంప ముంచింది. మోటార్లన్నీ విప్పి తుడిచి పూజకు పెడుతుంటే, నా బేస్‌ను మాత్రం దుమ్ముతో పెట్టొచ్చా అనిపించి స్క్రూలన్నీ ఊడదీశాను. తీగల కొసలు బిగించి ఉండే ఇనుప పట్టీ ఎత్తి చూస్తే, చెక్కలోని కన్నం నుంచి ఒక రాగి వైరు తొడుగు లేకుండా బయటికి వచ్చి, దేనికీ అతకకుండా ఊరికే పడి ఉంది. మా ప్లాంటులో వైరు కొస అలా బోడిగా కనిపిస్తే సూపర్‌వైజరు అరుపు రుద్రారం దాకా వినిపించేది. ఎవడో బుద్ధిలేని మెకానిక్ అని విసుక్కుని, దానికి నల్ల టేపు దిట్టంగా చుట్టి, కన్నంలోకి తోసి, పట్టీ బిగించి, బొట్టు పెట్టాను. పనితనం చూసి నాకే ముచ్చటేసింది.

పండగ పొద్దున షెడ్డులో బేస్‌ను సౌండు మిక్సర్‌కు కలిపి స్విచ్ వేశామో లేదో, సౌండు బాక్సులోంచి 'హూఁ' అని ఒకటే మోత. వైరు మార్చాం, ప్లగ్గు మార్చాం, ట్యూబులైట్లు ఆర్పాం, కూలర్ ఆపాం, ఫోన్లు ఆఫ్ చేశాం. మోత మోతే. టెస్టరన్న ప్లగ్గులన్నీ చూసి వచ్చి, "ఎర్తింగ్ పక్కాగ ఉన్నదిరా భై. రోగం నీ గిటార్లనే ఉన్నది" అన్నాడు. "దానికేం రోగం అన్నా? నిన్ననే మొత్తం ఇప్పి సాఫ్ చేసిన" అన్నాను. "గందుకే" అన్నాడాయన. ఇంతలో పులిహోర గిన్నె మోసుకొచ్చిన పెద్దమ్మ చెవులు మూసుకుంది. "ఏంది బిడ్డా గది? పోయినేడు డీజే మింగె, ఈయేడు నువ్వు మింగుతవా?" నాకు ఏడుపొక్కటే తక్కువ.

వెతగ్గా వెతగ్గా ఒక సంగతి దొరికింది. తీగల మీద చెయ్యి వేస్తే మోత పెరుగుతోంది, గిటార్ మీద సౌండు తిప్పే ఇనుప గుండీ పట్టుకుంటే టక్కున ఆగుతోంది. కానీ నా రెండు చేతులూ వాయించడానికే సరి. టెస్టరన్న నన్ను కిందికీ మీదికీ చూసి, "నీ మొలతాడు ఎండిదేనా?" అని అడిగాడు. మా నాయనమ్మ కట్టించిన వెండి మొలతాడే. "ఇంకేంది మల్ల, ఒంటికి తాకుతనే ఉంటది గద" అంటూ సన్న వైరు తెచ్చి, ఒక కొస గుండీకి, ఇంకో కొస చొక్కా కిందుగా మొలతాడుకు చుట్టాడు. మోత ఆగింది. "కదలకు. ఊపిరి గూడ జెర చిన్నగ తీస్కో" అని హెచ్చరించి వెళ్లి ముందు వరుసలో కూర్చున్నాడు.

పెద్దమ్మ ఇనుప మైకు పట్టుకుని పాట ఎత్తుకుంది. జనం మాటలు ఆపేశారు. ఆ సన్నని గొంతు చివరి వరుస దాకా వెళ్లింది. నేను కొయ్యబారి వాయిస్తున్నాను. అయితే చివరి చరణం దగ్గర పాట అందానికి నా తల దానంతటదే ఊగింది. నడుము కూడా ఊగినట్టుంది. వైరు ఊడింది. 'హూఁ!' వెనకెవడో కిసుక్కుమన్నాడు. పెద్దమ్మ పాట ఆపలేదు. పాడుతూనే నా పక్కకు జరిగి, ఊరుకో అన్నట్టుగా ఖాళీ చెయ్యి నా మెడ మీద వేసింది. మోత చప్పున ఆగింది. (ఆమె చేతిలో ఇనుప మైకు, మైకుకు మిక్సర్ ఎర్తింగ్, ఆమె ద్వారా నాకూ ఎర్తింగ్. ఇదంతా తర్వాత టెస్టరన్న విప్పి చెప్పాడు. అప్పటికి మాత్రం అమ్మవారి మహిమ అనుకున్నాను.) ఆమె చెయ్యి తీయబోతే మళ్లీ మోత. ఆమెకు అర్థమైంది, ఇక తీయలేదు. పాట అయ్యేదాకా అల్లం వెల్లుల్లి వాసన వేసే ఆ వెచ్చని చెయ్యి నా మెడ మీదే ఉంది. చప్పట్లు మోగాయి. "తల్లి లెక్క దీవించింది" అని మా సూపర్‌వైజరు కళ్లు తుడుచుకున్నాడు. "ఇనవడ్డదా బిడ్డా?" అని మెల్లగా అడిగింది పెద్దమ్మ. "ఆఖరి మాట దాక ఇనవడ్డది పెద్దమ్మా" అన్నాను.

మర్నాడు టెస్టరన్న గిటార్ పట్టీ విప్పించాడు. పట్టీ బిగించినప్పుడు దానికి ఆని, తీగలనూ వాటిని ముట్టుకున్న మనిషినీ ఎర్తింగ్‌కు కలపడమే ఆ బోడి వైరు పని అట. ఆయన టేపు ఒలిచి నా ఐడీ కార్డు మీద అతికించి వెళ్లిపోయాడు.

ఇప్పుడు అదే ప్లాంటులో మెయింటెనెన్స్ నేనే చూస్తున్నాను. పెద్దమ్మ సదాశివపేటలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. క్యాంటీన్‌లో గరిటె ఆగినా ఏ పాటా వినపడదు. ఏటా ఆయుధపూజకు బేస్‌ను పైపైన తుడిచి బొట్టు పెడతాను, విప్పే ధైర్యం మాత్రం చెయ్యను. స్విచ్ వేసినా అది ఇప్పుడు కిక్కురుమనదు. అంతా తెలుసనుకున్న ఆ ట్రైనీ గుర్తొచ్చినప్పుడల్లా నవ్వొస్తుంది, ఒక్కోసారి ఆ వైరుకు మళ్లీ టేపు చుట్టాలని కూడా అనిపిస్తుంది. మోత తెప్పించడం నాకు బాగానే వచ్చు. ఆపడానికే ఆ చెయ్యి లేదు.